నేరుగా కొట్టినా తెల్ల బాల్ ఎందుకు ఆగట్లేదు? పూల్, స్నూకర్ ఆడేవాళ్లు చెప్పండి

కొర్లగుంట_కుర్రోడు:
అన్నలూ, తిరుపతిలో మా కాలేజీ దగ్గర పార్లర్‌లో పూల్ ఆడుతుంటాను. దూరంగా ఉన్న బాల్‌ని నేరుగా కొట్టి పాకెట్ చేస్తే తెల్ల బాల్ కూడా దాని వెనకాలే పోయి పడుతోంది. క్యూ కర్ర కొస (టిప్) బాల్‌కి సరిగ్గా మధ్యలోనే తగులుతోంది. రెండూ దగ్గరగా ఉన్నప్పుడు మాత్రం జానెడు ముందుకు జరిగి ఆగుతుంది. సమాన బరువున్న బంతులు ఎదురుగా తగిలితే వేగమంతా రెండోదానికి పోతుందని ఇంటర్‌లో చదివాం కదా. దూరంతో ఏం మారుతోంది?

బైరాగిపట్టెడ_క్యూ:
దూరం ఎక్కువైతే మధ్యకి కాస్త కిందగా కొట్టు తమ్ముడూ. అలవాటయ్యాక చెయ్యే చెబుతుంది.

ఫిజిక్స్_బాలాజీకాలనీ:
ఎందుకు కిందగా కొట్టాలో చెప్తాను. మధ్యలో కొట్టిన బాల్ మొదట దొర్లదు, జారుతుంది. బండి వెనక బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం తిరగకుండా ఈడ్చుకుపోయినట్టు. టేబుల్ మీద పరిచిన క్లాత్ రాపిడి దాన్ని క్రమంగా తిప్పుతూ పోతుంది. వేగం 5/7 వంతుకు తగ్గేసరికి పూర్తిగా దొర్లడం మొదలవుతుంది. సెకనుకు 2 మీటర్ల వేగంతో కొడితే మామూలు క్లాత్ మీద ఇదంతా సుమారు అర మీటరులో అయిపోతుంది.

ఢీకొన్నప్పుడు ముందుకు పోయే వేగం రెండో బాల్‌కి పోతుంది కానీ, తిరుగుడు పోదు. రెండు నున్నటి బాల్స్ మధ్య రాపిడి చాలా తక్కువ. అందుకే తెల్ల బాల్ ఒక్క క్షణం నిలబడి, అక్కడే తిరుగుతూ, మళ్లీ క్లాత్‌ని పట్టుకుని ముందుకు కదులుతుంది. దొర్లుతూ వచ్చిన వేగంలో 2/7 వంతు దానికి తిరిగి దక్కుతుంది. నీ పాకెట్ దగ్గర జరుగుతున్నది ఇదే.

కళ్లతో చూడాలంటే తెల్ల బాల్ బదులు చారల బాల్ ఒకటి తీసుకో. చార నడుం చుట్టూ అడ్డంగా ఉండేలా పెట్టి మెల్లగా కొట్టు. చార కదలకుండా అలాగే పోతుంటే జారుతున్నట్టు, పల్టీలు కొడితే దొర్లుతున్నట్టు. కిందగా కొడితే చార మొదట వెనక్కి తిరుగుతుంది, నెమ్మదిస్తుంది, ఒకచోట ఆగి ముందుకు తిరగడం మొదలుపెడుతుంది. అది ఆగే చోట రెండో బాల్ ఉంటే, అదే స్టన్ షాట్. దూరాన్ని బట్టి ఎంత కిందగా, ఎంత బలంగా కొట్టాలన్నదే ఆటంతా. మరీ కిందకి పోవద్దు. మధ్య నుంచి 14 మిల్లీమీటర్లు, అంటే వ్యాసార్థంలో సగం దాటితే టిప్ జారిపోతుంది.

1835లోనే కొరియోలిస్ బిలియర్డ్స్ లెక్కల మీద ఏకంగా గ్రంథం రాశాడు. తుపాన్ల పాఠంలో వచ్చే కొరియోలిస్ ఆయనే. మా పిల్లలకి ఈ మాట చెబితే క్లాసు మొత్తం లేచి కూర్చుంటుంది.

చిత్తూరు_స్నూకర్:
సార్ బాగా చెప్పారు. నేరు షాట్ల కంటే కోణం షాట్లలో ఇది ఇంకా అక్కరకొస్తుంది. జారుతూ వచ్చి తగిలితే రెండు బాల్స్ మధ్య 90 డిగ్రీల కోణం వస్తుంది. దొర్లుతూ వస్తే, గురి పెట్టినప్పుడు తెల్లది రెండో బాల్‌ని పావు వంతు నుంచి ముప్పావు వంతు దాకా ఎంత కప్పినా తెల్లది తన దారి నుంచి సుమారు 30 డిగ్రీలే పక్కకి వెళ్తుంది. ఎడమ చేతి చూపుడు వేలు, మధ్య వేలు విడదీసి టేబుల్ మీద పెట్టండి. ఒక వేలు గురి పెట్టిన వైపు ఉంటే రెండోది తెల్ల బాల్ పోయే దారి. షాట్ కొట్టకముందే ఇన్-ఆఫ్ (తెల్ల బాల్ పాకెట్‌లో పడడం) అవుతుందో లేదో తెలిసిపోతుంది.

రేణిగుంట_రోడ్డు:
వానాకాలం సంగతి ఎవరూ చెప్పలేదు. నవంబర్‌లో అల్పపీడనం పట్టిందంటే మన దగ్గర క్లాత్ బరువెక్కుతుంది. వెనక్కి తిప్పిన బాల్ త్వరగా ఆ తిరుగుడు పోగొట్టుకుంటుంది, స్క్రూ (తెల్ల బాల్ తగిలాక వెనక్కి వచ్చే షాట్) సరిగ్గా పడదు. పెద్ద స్నూకర్ టోర్నీల్లో క్లాత్ అడుగున ఉండే స్లేటు రాయి కింద హీటర్లు పెట్టేది ఇందుకే.

ఇంకోటి, బాల్స్ తుడవండి! చాక్ పొడి అంటుకుంటే రెండు బాల్స్ మధ్య రాపిడి పెరిగి, కట్ షాట్‌లో, అంటే కోణంలో కొట్టినప్పుడు, బాల్ అనుకున్న దారి తప్పుతుంది. మెల్లగా కొట్టిన స్టన్‌లో మరీ ఎక్కువ. మూడు డిగ్రీల తేడా అంటే మీటరు దూరంలో ఐదు సెంటీమీటర్లు. పాకెట్ తప్పడానికి అది చాలు.

కొర్లగుంట_కుర్రోడు:
చారల బాల్‌తో చూశాను సార్, చార ఆగడం కనిపించింది! కానీ చార నిలబడిన చోటే తగిలినా తెల్లది కొంచెం ముందుకు పోతోంది. అనుమానం వచ్చి ఓనర్‌ని అడిగి పక్కన కిరాణా కొట్లో కాటా వేయించాను. రంగు బాల్స్ 158 నుంచి 160 గ్రాములు. తెల్లది 182. పాతది పగిలితే వేరే సెట్‌లోది తెచ్చారట.

ఫిజిక్స్_బాలాజీకాలనీ:
శభాష్! జానెడు జరుగుతోందని మొదట్లో నువ్వు రాసింది దీనివల్లే. పూల్ బాల్ 156 నుంచి 170 గ్రాముల మధ్య ఉండాలి. తెల్లది 182, రంగుది సగటున 159. బరువుల తేడాని వాటి మొత్తంతో భాగించు: 23ని 341తో. దాదాపు 7 శాతం. పక్కా స్టన్ కొట్టినా అంత వేగం తెల్ల బాల్‌లోనే మిగిలిపోతుంది, 90 డిగ్రీల లెక్కా కుదరదు. ఆ టేబుల్ మీద నేర్చుకున్న చెయ్యి ఇంకో టేబుల్ మీద తప్పుతుంది.

బైరాగిపట్టెడ_క్యూ:
ఓనర్‌తో మాట్లాడి 160 గ్రాములది తెప్పించుకోండి తమ్ముడూ. తలా కొంత వేసుకున్నా పెద్ద ఖర్చు కాదు. కొనేటప్పుడు 57 మిల్లీమీటర్లదేనా అని చూసుకోండి, స్నూకర్‌ది 52.5 ఉంటుంది, అది అంటగట్టగలరు.