రూటర్‌లో ఫైర్‌వాల్ ఉండగా కంప్యూటర్‌లో మరొకటి అవసరమా?

ప్రశ్న:
నమస్కారం అండీ. మా రూటర్‌కు విండోస్ 11 డెస్క్‌టాప్, రెండు ఫోన్లు, టీవీ, వైఫై ప్రింటర్ కలిపి ఉన్నాయి. రూటర్‌లో ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలను వడకట్టే రక్షణ) ఆన్‌లోనే ఉంది. విండోస్‌కు తనదొకటి ఉంది. ఇప్పుడు కొత్త యాంటీవైరస్‌తో పాటు మూడోది వచ్చింది. రెండు ఫైర్‌వాల్‌లు ఒకేసారి ఉంటే ఒకదానికొకటి అడ్డుపడతాయని, కంప్యూటర్‌లోవి ఆపేయమని తెలిసినవారు అంటున్నారు. యాంటీవైరస్ వేసిన దగ్గరి నుంచి ప్రింటర్ కూడా కనిపించడం లేదు. ఏది ఉంచాలి, ఏది తీయాలి?

జవాబు:
మీకు చెప్పినవారి మాటలో సగమే నిజం. ఒకే కంప్యూటర్‌లో రెండు సాఫ్ట్‌వేర్ ఫైర్‌వాల్‌లు నడిస్తే చిక్కే. ఒకటి అనుమతించినదాన్ని మరొకటి ఆపుతుంది, తప్పు ఎక్కడుందో తేలదు. రూటర్‌లోది వేరే పరికరంలో నడుస్తుంది కాబట్టి దానితో ఈ పేచీ లేదు. రూటర్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి ఉంచండి.

ఎందుకంటే రెండూ చూసేవి వేరు. మీ కంప్యూటర్ బయటికి పంపిన అభ్యర్థనలను రూటర్ గుర్తుపెట్టుకుంటుంది. వాటికి వచ్చిన జవాబులను లోపలికి వదిలి, ఎవరూ అడగకుండా వచ్చినవాటిని పారేస్తుంది. ఇది చిన్న విషయం కాదు. పోర్టులు, అంటే ప్రోగ్రాములు రాకపోకలకు వాడే నంబరు గల ద్వారాలు, తెరిచి ఉన్నాయేమోనని ఇంటర్నెట్ అంతా వెతికే ప్రోగ్రాములు మీ కంప్యూటర్ దాకా రాకుండా అక్కడే ఆగిపోతాయి. అయితే రూటర్‌కు కనిపించేవి చిరునామాలు, పోర్టు నంబర్లు మాత్రమే. వెబ్‌సైట్లకు వాడే 443 పోర్టు మీద బయటికి వెళుతున్నది మీ బ్రౌజరా, దొంగచాటుగా చేరిన ప్రోగ్రామా అన్నది దానికి తెలియదు. కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్‌కు ప్రోగ్రాము పేరుతో సహా తెలుస్తుంది.

అంతకన్నా ముఖ్యం, ఇంటి లోపలి రాకపోకలు. మీ టీవీ నుంచి డెస్క్‌టాప్‌కు వచ్చేదాన్ని మామూలు ఇంటి రూటర్ తనిఖీ చేయదు, నేరుగా దాటిస్తుంది. 2017లో వానాక్రై అనే హానికర ప్రోగ్రాము ఇలాగే పాకింది. ఒక యంత్రంలో చేరాక, ఫైళ్లు పంచుకునే 445 పోర్టు ద్వారా అదే నెట్‌వర్క్‌లో భద్రతా అప్‌డేట్ వేయని ఇతర యంత్రాలను పట్టుకుంది. అలాంటప్పుడు అడ్డుకోగలిగేది ఆ కంప్యూటర్‌లోని ఫైర్‌వాలే. 2003లో బ్లాస్టర్ అనే మరో హానికర ప్రోగ్రాము వచ్చేనాటికి విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది, కానీ మొదటి నుంచీ ఆన్ చేసి ఉండేది కాదు. 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తోనే దాన్ని ముందుగా ఆన్ చేసి ఇవ్వడం మొదలైంది. ఇన్నేళ్ల తరువాత మనం చేతులారా ఆపుకోవడం ఎందుకు?

మరొకరి జవాబు:
ఒక్క సంగతి కలుపుతాను. ఐపీవీ6 (ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి) ఉన్న కనెక్షన్‌లో సాధారణంగా ప్రతి పరికరానికీ బయటి నుంచి చేరగల సొంత చిరునామా ఉంటుంది. పాత పద్ధతిలోలా ఇంటి పరికరాలన్నీ రూటర్ ఒక్క చిరునామా చాటున దాగే వీలు అక్కడ లేదు. రూటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ విడిగా ఉంటే అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

అడిగినవారు:
అర్థమైంది. మరి కంప్యూటర్‌లో విండోస్‌దా, యాంటీవైరస్‌దా? ప్రింటర్ సంగతేమిటి?

జవాబు:
ఏదైనా ఒకటి చాలు. నన్నడిగితే విండోస్‌దే మేలు. దానితో తంటాలు తక్కువ. యాంటీవైరస్ ఫైర్‌వాల్ వచ్చినప్పుడు సాధారణంగా విండోస్ తనదాన్ని పక్కకు తప్పిస్తుంది. రెండింటినీ బలవంతంగా ఆన్ చేయవద్దు. యాంటీవైరస్‌లో ఫైర్‌వాల్ భాగాన్ని మాత్రమే ఆపే వీలుంటే ఆపి, విండోస్ సెక్యూరిటీలో మళ్లీ ఆన్ అయిందో లేదో తప్పక చూడండి.

ప్రింటర్ కనిపించకపోవడానికి చాలాసార్లు కారణం, కొత్త ఫైర్‌వాల్ మీ ఇంటి వైఫైని పబ్లిక్ నెట్‌వర్క్‌గా భావించడం. యాంటీవైరస్‌దే ఉంచుకుంటే అందులో ఆ నెట్‌వర్క్‌ను నమ్మదగినదిగా మార్చండి. విండోస్‌కు మారితే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ ఎంచుకోండి. ల్యాప్‌టాప్‌ను బయటి వైఫైకి కలిపినప్పుడు మాత్రం పబ్లిక్‌గానే ఉండాలి. అక్కడ మీ రూటర్ రక్షణ మీ వెంట రాదు.

బయటికి వెళ్లే ప్రతి ప్రోగ్రాముకూ నియమాలు రాయమని కొందరు చెబుతారు. విండోస్ ఫైర్‌వాల్ వాటిని మామూలుగా ఆపదన్నది నిజమే. కానీ ప్రతిసారీ అనుమతి అడుగుతుంటే విసిగిపోయి చదవకుండానే సరే నొక్కేస్తాం. ఇంటి వాడకానికి అంత అవసరం లేదని నా అభిప్రాయం.

అడిగినవారు:
యాంటీవైరస్‌లోది ఆపి, విండోస్‌లో ప్రైవేట్‌గా మార్చాను. ప్రింటర్ వచ్చింది, ధన్యవాదాలు. రూటర్‌లో యూపీఎన్‌పీ అనేది ఆన్‌లో ఉంది. ఉంచవచ్చా?

జవాబు:
ఆపేయండి. లోపలి ఏ ప్రోగ్రామైనా మిమ్మల్ని అడగకుండానే రూటర్‌లో పోర్టు తెరిపించుకునే సదుపాయం అది. ఆపాక ఏదైనా ఆన్‌లైన్ ఆట కనెక్ట్ కాకపోతే, దానికి కావలసిన పోర్టును మాత్రం రూటర్‌లో చేత్తో తెరవండి. విండోస్ ఫైర్‌వాల్‌లోనూ ఆ ఆటకు అనుమతి ఇవ్వాలి. ఒకచోటే ఇచ్చి పనిచేయడం లేదనుకునేవారే ఎక్కువ. రూటర్ సెట్టింగ్స్‌లో ఉండగానే బయటి నుంచి రూటర్‌ను నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్‌ను కూడా ఆపి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయండి.