ఎవరికీ తెలియని చోటుకు మ్యాప్‌లో పిన్ పెట్టాలా, వద్దా?

నడకదారి:
మేం ముగ్గురం కలిసి ఒక ట్రావెల్ యాప్ తయారుచేస్తున్నాం. పేరున్న ప్రదేశాల జాబితా కాదిది. అక్కడ ఉండేవాళ్లే తమ పని, తమ పొలాలు, తాము రోజూ నడిచే దారులు వచ్చినవాళ్లకు చూపిస్తారు. డబ్బులో ఎక్కువ వాటా వాళ్లకే. చోటు పాడవకూడదన్నది మొదటి షరతు. ఇంతవరకూ ముగ్గురిదీ ఒకటే మాట. గొడవంతా ఒక్క పిన్ దగ్గర వచ్చింది. బయటివాళ్లకు పెద్దగా తెలియని చోటు ఉంటే, దాని కచ్చితమైన లొకేషన్ అందరికీ చూపించాలా?

వద్దన్నది నా వాదన. అమెరికాలోని గ్రాండ్ టీటాన్ నేషనల్ పార్క్‌లో డెల్టా లేక్ అని ఒక కొండ సరస్సు ఉంది. ఒకప్పుడు రోజుకు ఒకరో ఇద్దరో వెళ్లే చోటు. ఫొటోలకు లొకేషన్ ట్యాగ్ చేయడం మొదలయ్యాక రోజుకు వంద మందికి పైగా ఎక్కిన రోజులొచ్చాయి. చివరికి 2018లో ఆ ప్రాంతపు పర్యాటక మండలే, అంటే జనాన్ని రమ్మని పిలవాల్సినవాళ్లే, 'ఫొటో పెట్టుకోండి గానీ చోటు ఎక్కడో చెప్పకండి' అని ప్రచారం చేయాల్సి వచ్చింది. మిగతా ఇద్దరేమో 'పిన్ లేని ట్రావెల్ యాప్ ఎవడు వాడతాడు' అంటున్నారు. మీరేమంటారు?

ప్రశ్నార్థకం:
నేను ఆ ఇద్దరి వైపే. చోటును కాపాడుతున్నాం అనుకుంటూ మీరు చేసేది తలుపు దగ్గర కాపలా కాయడం. తెలిసినవాళ్లు ఉన్నవాడు, గైడ్‌కు డబ్బు పెట్టగలిగినవాడు ఎలాగూ వెళ్తాడు. ఆగిపోయేది మొదటిసారి బ్యాగు సర్దుకున్నవాడు. జనం ఎక్కువై పాడైన చోట్ల గురించి వార్తలొస్తాయి. ఎవరూ రాక, చూపించేవాడు పని మానేసి వలసపోయిన చోటు గురించి ఎవరూ రాయరు.

ఇంకోటి. సగం దారి చెప్పి వదిలేస్తే మనిషి ఆగడు. వెతుక్కుంటూ పొదల్లో పడి కొత్త బాట తొక్కుతాడు. దాచడం వల్ల కూడా నేల పాడవుతుంది. కొండల్లో అయితే ప్రాణం మీదికే వస్తుంది.

పటాలపిచ్చి:
ప్రశ్నార్థకం గారూ, దాచడం పనిచేయదని అంత తేలిగ్గా తేల్చేయకండి. బార్సిలోనాలో పార్క్ గుయెల్ వైపు వెళ్లే 116 నంబరు బస్సు సంగతి చూడండి. చిన్న బస్సు, ఇరుకు వీధులు. సందర్శకులతో నిండిపోయి, ఆ చుట్టుపక్కల ఉండే ముసలివాళ్లకు ఎక్కే సందు లేకుండా పోయింది. ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2024లో నగర పాలకులు చెప్పి గూగుల్ మ్యాప్స్‌లోంచి ఆ రూట్ తీయించారు. బస్సు తిరుగుతూనే ఉంది. ఎవర్నీ ఎక్కొద్దనలేదు. మ్యాప్‌లో కనిపించడం మానేసింది, అంతే. అక్కడివాళ్లకు మళ్లీ సీట్లు దొరికాయి. వద్దని బోర్డులు రాసినా జరగనిది ఒక గీత చెరిపేస్తే జరిగింది.

పక్షులు, మొక్కల ఫొటోలు పెట్టే ఐనాచురలిస్ట్ వాళ్లు ఇంకో పద్ధతి పాటిస్తారు. ముప్పులో ఉన్న జీవి అయితే అసలు చోటు చూపించరు. అక్షాంశ రేఖాంశాల్లో 0.2 డిగ్రీల గడి తీసుకుని, అందులో ఎక్కడో ఒక చుక్క పెడతారు. భూమధ్యరేఖ దగ్గర ఆ గడి సుమారు 22 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆసక్తి ఉన్నవాడికి ఆ ప్రాంతంలో ఉందని తెలుస్తుంది, వల పట్టుకుని వచ్చేవాడికి దారి దొరకదు. నడకదారి గారూ, మీరు పెట్టాలా వద్దా అని రెండే దారులు చూస్తున్నారు. ఎంత మసకగా పెట్టాలి అని కూడా అడగొచ్చు.

కోడ్‌కూలీ:
మసక చుక్క పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. నేను వెనకటికి ఒక ప్రాజెక్టులో దీని దగ్గరే బోల్తా పడ్డాను. యాప్ తెరిచిన ప్రతిసారీ చుక్కను కొత్త చోటుకు జరిపితే, ఎవడో ఓపిగ్గా రెండొందల సార్లు తెరిచి సగటు తీస్తాడు. అసలు చోటు మధ్యలో తేలిపోతుంది. ఒకసారి జరిపాక ఇక ఆ చుక్క కదలకూడదు. ఫొటో ఫైల్ లోపల ఫోన్ రాసిపెట్టే జీపీఎస్ వివరాలు సర్వర్‌కు చేరగానే చెరిపేయాలి. ఇది మర్చిపోతే మిగతా జాగ్రత్తంతా దండగ.

నడిచిన దారిని రికార్డు చేసే ఫీచర్ పెట్టారా? పెడితే 2018 జనవరిలో స్ట్రావా హీట్‌మ్యాప్ గొడవ ఒకసారి చదవండి. స్ట్రావా అంటే పరుగులు రికార్డు చేసే యాప్, హీట్‌మ్యాప్ అంటే జనం తిరిగిన దారులన్నీ వెలిగే గీతలుగా చూపించే మ్యాప్. అందులో పేర్లు లేవు, ఎవరు పరుగెత్తారో తెలియదు. అయినా ఏమీ లేని ఎడారి మధ్యలో సైనిక స్థావరాల చుట్టూ గీతలు వెలిగిపోయాయి. మీ చోటుకూ అంతే. జనం లేని చోట పదిమంది నడిచినా గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నా ఓటు: ముందు ప్రాంతం మాత్రమే, బుకింగ్ ఖాయమయ్యాక కచ్చితమైన దారి. దారి తప్పుతారన్న ప్రశ్నార్థకం గారి భయానికీ ఇది సరిపోతుంది. బుక్ చేసుకున్నవాడు స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టడా? పెడతాడు. దానికి నా దగ్గర మందు లేదు.

చక్రాలబ్యాగు:
అంతా చదివాను. నేను వెళ్లొచ్చేదాకా పిన్ ఉంచి, తర్వాత తీసేయండి. 😄

మట్టిచేతులు:
నేను కుండలు చేస్తాను. మూడేళ్లుగా ఒక యాప్ ద్వారా మా ఇంటికి మనుషులు వస్తున్నారు. మీరంతా పిన్ గురించి వాదిస్తున్నారు గానీ, మా ఇంటికి మొదటి రోజు నుంచీ పిన్ ఉంది. దానితో నాకేం బాధ లేదు. బాధంతా స్టార్లతో వచ్చింది.

మా పనిలో సారె తిరిగేది తక్కువ. మట్టి తేవాలి, నానబెట్టాలి, రాళ్లు ఏరాలి, తొక్కాలి. చేసినవి నీడలో ఆరాలి, ఆవం పేర్చాలి. వీటికే రోజులు పోతాయి. ఒకసారి వచ్చినవాళ్లకు ఆ రోజు ఉన్న పనే చూపించాను. వాళ్ల చేత మట్టి తొక్కించాను కూడా, నవ్వుకుంటూ తొక్కారు. వెళ్లాక మూడు స్టార్లు ఇచ్చి 'సారె తిప్పి చూపించలేదు' అని రాశారు. తర్వాతి నెల బుకింగులు సగానికి పడ్డాయి.

అప్పట్నుంచి పని ఉన్నా లేకున్నా సారె పక్కన ఒక ముద్ద సిద్ధంగా పెడుతున్నాను. వాళ్లు వస్తారు, నేను తిప్పుతాను, వాళ్లు వీడియో తీసుకుంటారు. వెళ్లాక ఆ కుండను నలిపి మళ్లీ తొట్లో వేస్తాను. ఐదు స్టార్లు పడుతున్నాయి. 'అచ్చమైన అనుభవం' అని రాస్తున్నారు.

ఆ యాప్‌లో సెలవు పెట్టుకునే బటన్ ఉంది, లేదనను. ఆవం పెట్టే వారం నొక్కుతాను. నొక్కితే లిస్టులో అడుక్కి పోతాం. మళ్లీ పైకి రావడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు జ్వరం వచ్చినా నొక్కట్లేదు.

ఇంకో మాట. నా ఇంటికి రమ్మని నేను ఒప్పుకున్నాను. మా వీధి ఒప్పుకోలేదు. పక్కింటి పెద్దావిడ అరుగు మీద కూర్చుంటే ఆవిడనూ ఫొటో తీస్తారు. ఆవిడకు పైసా రాదు.

పటాలపిచ్చి:
మట్టిచేతులు గారూ, మీరు నలిపేసే ఆ కుండకు ఒక పేరు ఉంది. 1973లో డీన్ మెకానెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 'స్టేజ్డ్ అథెంటిసిటీ' అన్నాడు. వచ్చినవాడికి తెర వెనక ఏముందో చూడాలని ఉంటుంది కాబట్టి, అతని కోసమే ఒక తెర వెనక తయారవుతుంది. అప్పుడు స్టార్లు లేవు, జనం ముచ్చటను బట్టి అదే జరిగిపోయేది. ఇప్పుడు ఏం కట్టాలో యాపే చెప్పి కట్టిస్తోంది.

నడకదారి:
మట్టిచేతులు గారూ, మీరు రాసింది చదివాక మా డిజైన్ ఫైల్ తెరిచి చూశాను. బుకింగ్ వద్దంటే ర్యాంకు తగ్గించే నియమం మాదాంట్లోనూ ఉంది. రాసింది నేనే. దానికి 'నమ్మదగిన హోస్ట్' అని పేరు పెట్టాను. పేరు బాగుండేసరికి ఎవరం మళ్లీ దానివైపు చూడలేదు. పిన్ గురించి ఆర్నెల్లు కొట్టుకున్నాం, దీని గురించి ఐదు నిమిషాలు కూడా మాట్లాడుకోలేదు.

మా వైపు నుంచి ఒక్కటి చెప్పాలి. వస్తానని చెప్పి తీరా వెళ్తే తలుపు తాళం వేసి ఉన్న హోస్టులూ ఉంటారు. దూరం నుంచి వచ్చినవాడి కష్టం చిన్నది కాదు. ఆ నియమం అందుకే పెట్టాం. అయితే ముందే సెలవు చెప్పడం, మాటిచ్చి తప్పడం రెండూ ఒకటే అన్నట్టు లెక్కగట్టడం మా తప్పే. పని చూపించే హోస్టులకు స్టార్లు తీసేసి, 'ఈ వారం ఇక్కడ జరిగే పని ఇది' అని వాళ్లే రాసుకునే చోటు పెడదామనుకుంటున్నాం. చోటు పాడవకుండా చూసుకునేవాళ్లకు ఆకుపచ్చ బ్యాడ్జి ఎలాగూ ఉంది.

ప్రశ్నార్థకం:
పిన్ విషయంలో సగం వెనక్కి తగ్గుతున్నా. బుకింగ్ తర్వాత దారి ఇస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ ఆకుపచ్చ బ్యాడ్జి మాత్రం తీసేయండి, దయచేసి.

బుకింగ్ డాట్ కామ్ 2021లో ఇలాంటిదే పెట్టింది. ఆకు బొమ్మలు, స్థాయిలు. అవి జనాన్ని తప్పుదారి పట్టించేలా ఉన్నాయని నెదర్లాండ్స్ వినియోగదారుల నియంత్రణ సంస్థ అభ్యంతరం చెప్పాక 2024లో తీసేసింది. తనకు తానే ఇచ్చుకునే పర్యావరణ ముద్రలను కట్టడి చేసే చట్టం యూరోపియన్ యూనియన్‌లో 2026 సెప్టెంబరు 27 అమలు తేదీగా వచ్చింది. అంత పెద్ద కంపెనీ నిలబెట్టుకోలేని ముద్రను ముగ్గురు కుర్రాళ్లు ఎలా నిలబెడతారు? ఎవరెళ్లి చూసొస్తారు?

పైగా లెక్క ఎక్కడుందో చూడండి. 2018లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చిన అధ్యయనం, ప్రపంచంలోని గ్రీన్‌హౌస్ వాయువుల్లో పర్యాటకం వాటా సుమారు 8 శాతమని తేల్చింది. అందులో ప్రయాణానిదే పెద్ద ముక్క. విమానంలో దిగి ఒక్క పూట మట్టి తొక్కి వెళ్లిపోయేవాడికి ఆకు బొమ్మ చూపించి ఏం లాభం? బ్యాడ్జి బదులు ఎక్కువ రోజులు ఉండేవాడికి ముందు చోటు ఇవ్వండి. ఒక్క పూటకు వచ్చేవాడు వెయిటింగ్ లిస్టులో ఉంటాడు. అది ఎవరూ తప్పుపట్టలేని నియమం.

కోడ్‌కూలీ:
తప్పుపట్టేవాళ్లున్నారు అన్నా. వారం రోజులు సెలవు దొరికేది ఎవరికి? రోజుకూలీకి దొరకదు. మొదట్లో మీరే తలుపు దగ్గర కాపలా అన్నారు, ఇప్పుడు మీరే తాళం వేస్తున్నారు.

ప్రశ్నార్థకం:
సరే, దొరికిపోయాను. అయితే దగ్గర్లోంచి వచ్చేవాడికి ఒక్క పూట చాలు, దూరం నుంచి వచ్చేవాడు ఎక్కువ ఉండాలి. దూరాన్ని బట్టి రోజులు.

పటాలపిచ్చి:
దూరం లెక్క నాకు నచ్చింది. కానీ మీరిద్దరూ తప్పించుకు తిరుగుతున్నది రోజుకు ఎందరు అన్న సంఖ్య. వెనిస్‌లో 2024 ఏప్రిల్ 25న పగటిపూట వచ్చిపోయేవాళ్ల మీద 5 యూరోల రుసుము మొదలుపెట్టారు. డబ్బు వచ్చింది, జనం మాత్రం పెద్దగా తగ్గలేదు. అక్కడిదాకా వచ్చినవాడు 5 యూరోలు చూసి వెనక్కి పోడు. థాయిలాండ్‌లోని మాయా బే సంగతి వేరు. 2018 జూన్‌లో మొత్తం మూసేశారు. 2022 జనవరిలో తెరిచినప్పుడు పడవలు తీరంలోకి రాకుండా వెనకవైపు ఆపించారు, ఒక విడతకు ఇంతమందే అని లెక్క పెట్టారు, ఈత ఆపేశారు. మూసి ఉన్నప్పుడు సొరచేపలు మళ్లీ ఆ లోతులేని నీళ్లలోకి వచ్చాయి. పని చేసింది లెక్కే.

అయితే ఆ లెక్క పెట్టింది ప్రభుత్వం. మీ యాప్ 'రోజుకు 20 మంది' అంటే, 21వవాడు ఇంకో యాప్‌లో బుక్ చేసుకుంటాడు. ఈ ఇబ్బంది మాత్రం డిజైన్‌తో పోదు.

నడకదారి:
పోదు, నిజమే. మా చేతిలో ఉన్నది మా లిస్టు మాత్రమే.

మొదటి వెర్షన్‌కు ఇలా అనుకుంటున్నాం. ముందు మసక చుక్క, బుకింగ్ తర్వాత దారి, నడిచిన దారుల రికార్డు లేదు. ముందే చెప్పిన సెలవుకు ర్యాంకుతో సంబంధం లేదు. ఆకుపచ్చ బ్యాడ్జి తీసేశాం, మా డిజైనర్ అలిగాడు. రోజుకు ఎందరన్నది మేం కాదు, అక్కడివాళ్లే పెడతారు. దూరాన్ని బట్టి రోజులు అన్నదాని మీద ఇంకా కొట్టుకుంటున్నాం.

మిగిలింది మట్టిచేతులు గారి పక్కింటి పెద్దావిడ. ఒక ఇంటిని లిస్టులో పెట్టేముందు ఆ వీధిలోవాళ్ల మాట కూడా తీసుకోవాలనుకున్నాం. యాప్‌లోనే 'సరే', 'వద్దు' అని రెండు బటన్లు.

మట్టిచేతులు:
ఆవిడ దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదండీ. బటన్ల ఫోన్. మెసేజ్ పంపినా చదవలేరు. మిస్డ్ కాల్ ఇవ్వడం మాత్రం వచ్చు.

కోడ్‌కూలీ:
మిస్డ్ కాల్ చాలా తేలిక. ఒక్క నంబరు పెడితే సరిపోతుంది. వద్దనుకునేవాళ్లు దానికి మిస్డ్ కాల్ ఇస్తారు. ఏ కాలూ రాకపోతే సరే అన్నట్టు.

మట్టిచేతులు:
అట్లా పెట్టకండి. నంబరు రాసిన కాగితం పోగొట్టుకున్నా సరే అన్నట్టే లెక్కవుతుంది. ఆ ఒక్క నంబరేదో 'సరే'కి పెట్టండి.