నాయనమ్మ దాచిన చిన్నపూల చీటిగుడ్డలతో బొంత కుట్టడానికి సలహా కావాలి

పెద్దలకు నమస్కారం. మాది హనుమకొండ. మా నాయనమ్మ రేకు సందూగలో దాచిన చీటిగుడ్డ (పూల అద్దకం వేసిన నూలుగుడ్డ) ముక్కలతో, మా అక్కకు పుట్టబోయే బిడ్డ కోసం బొంత కుట్టాలనుకుంటున్నాను. ముక్కలు సుమారు నలభై ఉన్నాయి. ఎర్రనేల మీద వడ్లగింజంత తెల్లపూలు, వాటి చుట్టూ సన్నని నల్లగీత. ఎరుపు భాగం ఇప్పటికీ గట్టిగానే ఉన్నది గాని, నల్లగీత ఉన్నచోటల్లా నూలు పొడిలా రాలిపోయి, వెలుతురుకు పట్టి చూస్తే పువ్వు ఆకారంలోనే చిల్లులు కనబడుతున్నాయి. మచిలీపట్నం అద్దకంలో మాదిరిగా, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో ఊరబెట్టి తీసే నలుపు, కాలం గడిచినకొద్దీ నూలును తినేస్తుంది. ఇవీ అటువంటివేనని నా అనుమానం.

ఇటువంటి ముక్కల వెనుక పలుచని మల్లుగుడ్డ వేసి చేతికుట్టుతో కుడితే నిలుస్తాయా, లేక నలుపున్న భాగాన్ని కత్తిరించి తీసివేయవలసిందేనా? మిషన్ మీద కుట్టడానికి మాత్రం నాకు మనసొప్పడం లేదు. తడిపిన తెల్లగుడ్డతో అద్ది చూస్తే కొంచెం ఎరుపు అంటింది కనుక, కుంకుడురసంతో ఉతకవచ్చునో లేదో కూడా చెప్పగలరు. లోపలి పొరలకు ఉతికి మెత్తబడిన పాత నూలుచీరలే వేస్తున్నాను. కొత్తగుడ్డ కుంచించుకుపోయి పాతముక్కలను లాగుతుందని భయం. చేసి చూసినవారు దయచేసి వివరంగా రాయగలరు.