చర్చ: తప్పిపోయిన ఆదివాసీ అమ్మాయిల కథలు థ్రిల్లర్లుగా తీయొచ్చా?

నైట్‌షిఫ్ట్ నాని
నిన్న రాత్రి 'విండ్ రివర్' మళ్లీ చూశాను. 2017 సినిమా. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో: అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం, ఆదివాసీల రిజర్వేషన్, అంటే వాళ్లకు కేటాయించిన ప్రాంతం. మంచులో ఒక ఆదివాసీ అమ్మాయి శవం దొరుకుతుంది. కేసు తేల్చేది ఒక తెల్ల వేటగాడు, ఎఫ్‌బీఐ నుంచి వచ్చిన ఒక తెల్లమ్మాయి. మొదటిసారి చూసినప్పుడు ఏడ్చాను. ఈసారి చిరాకేసింది. చచ్చిపోయిన పిల్ల ఒకరోజు ఎలా ఉండేదో, దేనికి నవ్వేదో మనకు తెలియదు. హీరోగారి దుఃఖం మాత్రం సినిమా అంతా ఉంటుంది. ఇప్పుడు ఇదే వరసలో నవలలు, సిరీస్‌లు వస్తున్నాయి. వాళ్ల చావు మనకు వీకెండ్ టైంపాస్ అయిపోయిందా? మీరేమంటారు?

కాఫీ విత్ కథలు
నాని గారూ, ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. ఆ సినిమా రాకపోతే వయోమింగ్‌లో రిజర్వేషన్ ఉందని మీకు తెలిసేదా? నాకైతే తెలియదు. పైగా అందులో పోస్ట్‌మార్టం సీన్ గుర్తు చేసుకోండి. ఆ పిల్ల మీద అఘాయిత్యం జరిగింది, ప్రాణభయంతో మంచులో పరుగెత్తింది, చలిగాలికి ఊపిరితిత్తులు పగిలి చనిపోయింది. డాక్టరు దాన్ని హత్య అని రాయలేనంటాడు. హత్య అని రాయకపోతే ఎఫ్‌బీఐ ఇంకో టీమ్‌ను పంపదు. వ్యవస్థ ఎలా చేతులు దులుపుకుంటుందో ఐదు నిమిషాల్లో చూపించాడు. ఒక పెద్ద రిపోర్టు చదివినా అంతగా మనసుకు పట్టదు.

చివర్లో తెర మీద వేసిన వాక్యం కూడా చూడండి. తప్పిపోయినవాళ్ల లెక్కలు అన్ని వర్గాలకూ ఉన్నాయి, ఆదివాసీ స్త్రీలకు మాత్రం లేవని. 2020లో అమెరికా ఆ లెక్కల కోసమే సవానాస్ యాక్ట్ తెచ్చింది. ప్రభావం లేదంటే ఎలా?

పాత లెక్కల మాస్టారు
ఇక్కడ రెండు సవరణలు.

ఆ చట్టం సినిమా పుణ్యం కాదు. 2017 ఆగస్టులో ఫార్గో నగరంలో 22 ఏళ్ల ఆదివాసీ యువతిని ఎనిమిదో నెల గర్భంతో ఉండగా చంపేశారు. చట్టానికి పెట్టింది ఆమె పేరే. బిల్లు మొదటిసారి పెట్టింది ఆ అక్టోబరులోనే. ఆమె ఇంటివాళ్లు, ఆదివాసీ సంఘాలవాళ్లు మూడేళ్లు తిరిగితే వచ్చిన చట్టం.

రెండోది, లెక్కలే లేవన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. సియాటిల్‌లోని అర్బన్ ఇండియన్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ 2018లో ఒక నివేదిక ఇచ్చింది. 2016లో ఆదివాసీ స్త్రీలు, ఆడపిల్లలు కనిపించడం లేదని ఎఫ్‌బీఐ రికార్డుకెక్కిన ఫిర్యాదులు 5,712. న్యాయశాఖవాళ్ల ఇంకో డేటాబేస్‌లో 116. ఒక బీరువాలో ఉన్నది ఇంకో బీరువాకు చేరలేదన్నమాట. అయితే 5,712 మందీ మాయమైపోయారని ఎవరూ పోస్టర్లు వేయకండి. అవి ఫిర్యాదులు. ఇంట్లోంచి వెళ్లి తిరిగొచ్చిన పిల్లలూ అందులో ఉంటారు.

బుజ్జిబాబు
క్లైమాక్స్ చెప్పేశారుగా కాఫీ గారూ! ఈ రాత్రికే చూద్దామనుకున్నాను 😩

అరుణ, విన్నిపెగ్
ఇక్కడ కెనడాలో, విన్నిపెగ్ నగరంలో ఆరేళ్లుగా ఉంటున్నాను. మీరంతా "హంతకుడు ఎవరు" అన్న కథ గురించే మాట్లాడుతున్నారు. మా ఊళ్లో జరిగింది వేరు.

2022 మే నెలలో ఒక హంతకుడిని పట్టుకున్నారు. నలుగురు ఆదివాసీ స్త్రీలను చంపినట్టు తేలింది. 2024 జులైలో కోర్టు దోషి అంది. థ్రిల్లర్ అయితే ఇక్కడ పేర్లు పడతాయి. కానీ వాళ్లలో ఇద్దరి శరీరాలు ఊరి బయట ప్రెయిరీ గ్రీన్ డంపింగ్ యార్డులో ఉన్నాయని పోలీసులకు తెలుసు. తెలిసి కూడా వెతకడం సాధ్యం కాదని 2022 డిసెంబరులో చెప్పేశారు. చెత్తలో విషపదార్థాలున్నాయి, ఖర్చు ఎక్కువ అన్నారు. 18 కోట్ల డాలర్లు దాటొచ్చని ఒక అంచనా వచ్చింది. చనిపోయినవాళ్ల కూతుళ్లు రోడ్డెక్కారు, టెంట్లు వేసుకుని కూర్చున్నారు. 2023లో మా మానిటోబా రాష్ట్ర ఎన్నికల్లో అప్పటి అధికార పార్టీ "మేం వెతకం" అన్నదాన్నే ప్రచారంగా వేసుకుంది! రోడ్డు పక్క ఆ బోర్డులు నేను చూశాను. ఓడిపోయారు. కొత్త ప్రభుత్వం 2024 డిసెంబరులో తవ్వకం మొదలుపెట్టింది. 2025 మార్చికల్లా ఇద్దరి అవశేషాలూ దొరికాయి.

చంపినవాడు మొదటే దొరికాడు. తర్వాత రెండున్నరేళ్లు ఊరంతా టెన్షన్ పడింది అసలు వెతుకుతారా లేదా అనే. ఈ సస్పెన్స్‌ను ఏ థ్రిల్లర్ పట్టుకుంది?

కాఫీ విత్ కథలు
అరుణ గారూ, చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. కానీ అది డాక్యుమెంటరీకి పనికొస్తుందండీ. థ్రిల్లర్ చూసేవాడికి చివరికి ఒకడు దొరకాలి, లేకపోతే టికెట్ కొనడు.

సెకండ్‌హ్యాండ్ పుస్తకాలు
కొంటాడు. లూయీస్ ఎర్డ్రిక్ 'ద రౌండ్ హౌస్' చదవండి. ఆవిడ స్వయంగా ఒజిబ్వే అనే ఆదివాసీ తెగ మనిషి. 2012లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. 13 ఏళ్ల కుర్రాడి తల్లి మీద దాడి జరుగుతుంది. చేసిందెవరో పుస్తకం సగంలోనే తెలిసిపోతుంది. ముడి అంతా ఎక్కడ జరిగిందన్న దగ్గర! దాడి చేసినవాడు ఆమె తలకు ముసుగు వేశాడు, కాబట్టి చోటు చెప్పలేదు. అక్కడ తెగ భూమి, రాష్ట్ర భూమి, ప్రైవేటు భూమి పక్కపక్కనే. మన దగ్గర "మా స్టేషన్ పరిధి కాదమ్మా" అంటారే, సరిగ్గా అదే. చేసినవాడు ఆదివాసీ కాకపోతే విచారించే హక్కు తెగ కోర్టుకు లేదని 1978లో వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో గృహహింసకు, 2022లో లైంగిక దాడికి కొంత సడలించారు. ఆ కుర్రాడి తండ్రే ఆ కోర్టులో జడ్జి, ఏమీ చేయలేడు. నేను తెల్లవారుజామున మూడింటి దాకా చదివాను. ఇది థ్రిల్లర్ కాకపోతే ఇంకేది?

పాడేరు రోడ్డు
మన దగ్గరి మాట ఒకటి. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది కోందు తెగ స్త్రీలు పోలీసుల మీద అత్యాచారం ఆరోపణ చేశారు. 2023 ఏప్రిల్‌లో నిందితులంతా నిర్దోషులని తీర్పు. అదే తీర్పులో దర్యాప్తు సరిగా చేయలేదని అధికారులను తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమన్నారు. దీన్ని సినిమా తీస్తే క్లైమాక్స్‌లో ఎవరిని కొట్టిస్తారు కాఫీ గారూ?

కాఫీ విత్ కథలు
టాపిక్ వయోమింగ్ నుంచి వాకపల్లికి వచ్చేసింది... సరే, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ సినిమా చూడొద్దని మాత్రం అననివ్వను.

నైట్‌షిఫ్ట్ నాని
చూడొద్దని నేనూ అనలేదండీ, రెండుసార్లు చూసినవాడిని. అరుణ గారూ, ఆ డంపింగ్ యార్డు దగ్గర ఇప్పుడేముంది?

అరుణ, విన్నిపెగ్
ఈ మధ్య అటు వెళ్లలేదు. ఇక్కడ మే 5న తప్పిపోయినవాళ్ల జ్ఞాపకంగా చెట్లకు ఎర్ర గౌన్లు కడతారు, లోపల మనిషి లేని ఖాళీ గౌన్లు. మా వీధి చివర ఒకటి ఏడాదంతా అలాగే ఉంది, ఎండకు గులాబీ రంగుకు తిరిగింది. మొన్న ఎవరో దాన్ని తీసి కొత్తది కట్టారు.