కోహాలో ట్యాగులు ఆన్ చేస్తే పిల్లలు నిజంగా రాస్తారా?

పుస్తకాలబీరువా:
మాది డిగ్రీ కాలేజీ లైబ్రరీ అండీ. పోయినేడాది కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌కి మారాం. ఓపాక్‌లో, అంటే పాఠకులు వెతుక్కునే ఆన్‌లైన్ కేటలాగులో, పాఠకులే పుస్తకాలకి ట్యాగులు (తమకి తోచిన గుర్తుమాటలు) పెట్టుకోవచ్చని ఈ మధ్యే చూశాను. మా దగ్గర తెలుగు సాహిత్యమంతా డ్యూయీ వర్గీకరణ నంబరు 894.827 కింద ఒకటే కుప్ప. "సార్, కరువు మీద కథలున్నాయా" అని ఎవరైనా అడిగితే నేను నా బుర్రలోంచి వెతికి చెప్పాల్సిందే, కేటలాగు మాత్రం చెప్పదు, నేను సెలవు పెట్టిన రోజు ఇక అంతే సంగతులు. ట్యాగులు తెరుద్దామంటే పిల్లలు పిచ్చిరాతలు రాస్తారేమోనని ప్రిన్సిపాల్‌గారికి టెన్షన్. ఎవరైనా వాడి చూశారా?

రిఫరెన్స్‌డెస్క్:
పిచ్చిరాతల గొడవ తేలిక. సెట్టింగుల్లో ట్యాగ్స్‌మోడరేషన్ అని ఉంటుంది, అది పెట్టుకుంటే మీరు సరే అనేదాకా ఏ ట్యాగూ బయటికి కనపడదు, పైగా లాగిన్ అయితేగానీ రాయలేరు కాబట్టి ఎవరు రాశారో తెలిసిపోతుంది. అసలు బాధ వేరే. మేం తెరిచి రెండేళ్లయింది, వచ్చినవి నలభై, అందులో సగం "పరీక్షకి" అనే!

చదువరి_కడప:
నవ్వొచ్చింది గానీ తప్పు పిల్లలది కాదు సార్. మనిషి తన పుస్తకాలు తను సర్దుకోవడానికి ట్యాగు పెడతాడు, లైబ్రరీ వాళ్ల కోసం ఎందుకు పెడతాడు? ఎవరి పుస్తకాల జాబితా వాళ్లు పెట్టుకునే సైటు, 2005లో మొదలైన లైబ్రరీథింగ్‌లో లక్షల ట్యాగులు పోగయ్యాయంటే కారణం అదే, అక్కడ ఎవరి బీరువా వాళ్లది. 2007లో అమెరికాలో డాన్‌బరీ లైబ్రరీ ఆ ట్యాగుల్నే తెచ్చి తన కేటలాగులో చూపించింది, సొంతంగా పోగుచేసే పని లేకుండా. మనకి ఆ దారీ కష్టమే, లైబ్రరీథింగ్ వాళ్లు పుస్తకం మీదుండే ఐఎస్‌బీఎన్ నంబరుతో కలుపుతారు, మన పాత తెలుగు పుస్తకాలు చాలావాటికి ఆ నంబరే ఉండదు.

పుస్తకాలబీరువా:
అయితే వదిలేయమంటారా?

మార్క్‌మామ:
వదలొద్దు, అలాగని ఊరికే తెరిచిపెట్టి కూర్చోవద్దు. తెలుగు బీఏ పిల్లల్ని పదిమందిని పిలిచి, వాళ్లు చదివేసిన పుస్తకాలకి మాత్రమే తలా ఐదారు మాటలు రాయమనండి: కరువు, వలస, అత్తాకోడళ్లు, బీడీ కార్మికులు, వాళ్ల నోటికి ఏది వస్తే అది. మన లైబ్రరీ పండితుల మాటలు ఎవరూ వెతకరు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లే వంట పుస్తకాలకి 2010 దాకా "కుకరీ" అని పట్టుకు వేలాడి చివరికి "కుకింగ్"కి దిగొచ్చారు.

రెండు జాగ్రత్తలు. ఒకటి స్పెల్లింగు: ఒకడు కథ అంటాడు, ఇంకొకడు కధ, మరొకడు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాడు, మెషీన్‌కి మూడూ వేరు వేరు. ఒప్పుకునేటప్పుడే ఒకటి ఉంచి మిగతావి కొట్టేయండి. రెండోది చాలామందికి తెలియదు, కోహాలో ట్యాగులు పుస్తకం కేటలాగు రికార్డులోకి వెళ్లవు, విడిగా ఉంటాయి, మామూలు సెర్చ్ పెట్టెలో కొడితే దొరకవు. అందుకని బాగున్న మాటల్ని మీరే మార్క్ (కేటలాగు రికార్డు రాసే ఫార్మాట్) 653లో ఎక్కించండి. అది ఇలాంటి, ఏ అధికారిక జాబితాలోనూ లేని మాటల కోసమే ఉన్న ఫీల్డు.

రిఫరెన్స్‌డెస్క్:
653 సంగతి ఇన్నాళ్లూ తట్టలేదు మామా. మా "పరీక్షకి" కూడా ఎక్కించమంటారా?

మార్క్‌మామ:
ఏ పేపరో రాస్తే ఎక్కించండి, జూన్‌లో దానికోసమే వస్తారు.

పుస్తకాలబీరువా:
సోమవారం తెలుగు మేడమ్‌ని అడుగుతా. ముందు కథల బీరువా ఒక్కటి చేసి చూస్తాం.