చెన్నై ఎండ చాలదా, బేకింగ్ బూత్ కావాలా? క్లియర్ కోట్ మీద ఓ గొడవ

వేళచ్చేరి వాసి

అందరికీ నమస్కారం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్‌కి రాసుకుని నా కారు ఎడమవైపు రెండు తలుపులూ, వెనక క్వార్టర్ ప్యానెలూ గీసుకుపోయాయి. ముదురు బూడిద రంగు, మెటాలిక్. రెండు చోట్ల అడిగాను. మా ఇంటి దగ్గర షెడ్డులో పని చేసే ఆయన "మూడు ప్యానెళ్లూ కొట్టి, ఎండలో పెట్టి మర్నాడు సాయంత్రం ఇచ్చేస్తా, ఈ ఊరి ఎండకి బూత్ దేనికి సార్" అన్నాడు. బూత్, అంటే పెయింట్ కొట్టి వేడితో ఆరబెట్టే మూసిన గది, ఉన్న పెద్ద వర్క్‌షాప్ వాళ్లు దాదాపు రెట్టింపు చెప్పి, "బేకింగ్ లేకపోతే ఆరు నెలల్లో క్లియర్ కోట్ (రంగు మీద కొట్టే పారదర్శక పొర) లేచిపోతుంది" అని భయపెట్టారు. నో క్లెయిమ్ బోనస్ పోతుందని ఇన్సూరెన్స్‌కి వెళ్లడం లేదు, కాబట్టి డబ్బు నా జేబులోదే. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు పని అయిపోవాలి. ఎవరి మాట నమ్మాలి?

షెడ్డు మేస్త్రి

ముందే చెప్తున్నా, మధురవాయల్‌లో నాకు షెడ్డు ఉంది, బూత్ లేదు. నా మాటలో నా లాభం చూసుకుంటున్నానని మీరు అనుకున్నా తప్పులేదు. కానీ ఆరు నెలల్లో లేచిపోతుందన్నది ఉత్త బెదిరింపు. ఇప్పుడు అందరూ వాడేది 2కె క్లియర్, అంటే రెండు భాగాలు కలిపి కొట్టేది. అందులో హార్డ్‌నర్ కలుపుతాం, గట్టిపడేది దానివల్లే. బూత్ వేడి ఆ పనిని తొందరపెడుతుంది, అంతే.

క్లియర్ పొరలుగా లేచిందంటే కారణాలు వేరే ఉంటాయి. కింద వాటర్ పేపర్ సరిగ్గా పట్టకపోవడం, బేస్ కోట్ (కింది రంగు పొర) వేసి రోజుల తరబడి వదిలేసి ఆ తర్వాత క్లియర్ కొట్టడం, డబ్బా మిగుల్చుకోడానికి పలచగా కొట్టడం. ఇవన్నీ బూత్‌లోనూ జరుగుతాయి. మే నెల మధ్యాహ్నం నల్ల కారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, బూత్ గొప్పా సూర్యుడు గొప్పా తెలుస్తుంది.

అంబత్తూరు బూత్

అన్న చెప్పినదాంట్లో సగం నిజం. బానెట్ కాలుతుంది, కాదనను. కానీ వేళచ్చేరి గారికి దెబ్బ తగిలింది బానెట్‌కి కాదు, తలుపులకి. నడినెత్తిన ఉన్న ఎండ నిలువుగా ఉండే తలుపు మీద ఏటవాలుగా జారిపోతుంది. బండి ఎడమవైపుకి ఎండ పడేది ఒక పూటే. తలుపు కింద అంచు దగ్గర, హ్యాండిల్ లోపల, క్వార్టర్ ప్యానెల్ వంపు కింద అసలు పడదు. పై సగం రాయిలా ఉంటుంది, కింద గోరు గుచ్చితే గుర్తు పడుతుంది.

నేను పని చేసేది బూత్‌లోనే, కాబట్టి నాకూ పక్షపాతం ఉంది. క్లియర్ తయారీదారు ఇచ్చే డేటా షీట్‌లో సాధారణంగా ఉండేది 60 డిగ్రీలు, 30 నిమిషాలు. అది గాలి వేడి కాదు, ప్యానెల్ లోహం వేడి. గాలి 60కి ముందే చేరుతుంది, లోహం వెనక నుంచి నింపాదిగా వస్తుంది. లోహం 60 అందుకున్నాకే గడియారం మొదలు. 60 దగ్గరే ఎందుకు ఆగుతామంటే, బండిలో వైర్లు, ప్లాస్టిక్, రబ్బర్లు ఉంటాయి. ఫ్యాక్టరీలో అవేమీ బిగించకముందే ఉత్త బాడీని 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు, ఆ పెయింటే వేరు.

ఇంకో మాట. నన్నడిగితే బూత్ అసలు లాభం వేడి కాదు, ఫిల్టర్ అయిన గాలి. క్లియర్ కొట్టిన మొదటి అరగంటలో దుమ్ము పడితే అతుక్కుంటుంది. మధురవాయల్‌లో బైపాస్ పక్కన ఆ అరగంటలో ఎన్ని లారీలు పోతాయో అన్నకి తెలుసు.

షెడ్డు మేస్త్రి

లారీలే కాదు, దోమలు కూడా. సాయంత్రం పూట కొడితే పక్కాగా ఒకటి వాలుతుంది. అందుకే పొద్దున్నే నేల తడిపి, గేటు మూసి కొడతాం. పడిన నలుసుని గట్టిపడ్డాక 2000 నంబరు వాటర్ పేపర్‌తో తీసి కాంపౌండ్ (రుద్ది మెరుపు తెచ్చే పేస్టు) పడితే పోతుంది.

కెమిస్ట్రీ మేడం

కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, గన్ ఎప్పుడూ పట్టుకోలేదు. కానీ ఇద్దరూ ఒక విషయం దాటేసి మాట్లాడుతున్నారు. క్లియర్ కోట్‌లో రెండు పనులు జరగాలి. మొదటిది థిన్నర్ లాంటి ద్రావకాలు పైకి ఎగిరిపోవడం. రెండోది రెసిన్‌లోని హైడ్రాక్సిల్ గుంపులు హార్డ్‌నర్‌లోని ఐసోసయనేట్‌తో కలిసి వలలాగా అల్లుకోవడం. చేతికి అంటకపోవడానికి మొదటిది చాలావరకు అయితే చాలు. పెట్రోలు చుక్క పడినా, కాకి రెట్ట పడినా తట్టుకోవాలంటే రెండోది పూర్తవ్వాలి.

గొడవంతా ఈ రెండింటి వరసలో ఉంది. ద్రావకం పోకముందే వేడి తగిలిందనుకోండి, పాల మీద మీగడలా పైపొర ముందు కట్టేస్తుంది. కింద చిక్కుకున్న ద్రావకం తర్వాత దారి వెతుక్కుని పైకి పొడుచుకొస్తుంది. పెయింటర్లు సాల్వెంట్ పాప్ అనేది దీన్నే, సూది మొనలంత బొక్కలు. కాబట్టి "ఎండలో పెట్టేస్తా" అన్నప్పుడు అడగాల్సింది ఎంత ఎండ అని కాదు, ఎంతసేపటి తర్వాత అని.

ఇక వేడి సంగతి. రసాయన చర్యలకి మేం చెప్పే ఉజ్జాయింపు లెక్క, 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు. 60లో అరగంట పట్టేది 30లో నాలుగు గంటలు పట్టాలి. కాగితం మీద అంతే. కానీ పొర గట్టిపడే కొద్దీ అణువులకి కదిలే వీలు తగ్గుతుంది, మామూలు వాతావరణంలో ఆ చివరి భాగం ఈడ్చుకుంటూ రోజులకి పోతుంది. గాలికి ఆరిన 2కె మర్నాటికి చేతికి గట్టిగానే తగులుతుంది, లోపల పని వారం పైన కూడా నడుస్తూనే ఉంటుంది.

అంబత్తూరు బూత్

మేడం చెప్పిన వరస కోసమే కోట్‌కి కోట్‌కి మధ్య ఐదు పది నిమిషాలు వదిలేది. ఆఖరి కోట్ తర్వాత కూడా వదిలి, ఆపైనే హీటర్ వేస్తాం. ఆరిందా లేదా అని ప్యానెల్ మీద వేలు పెట్టం, పక్కన మాస్కింగ్ టేప్ మీద పడిన క్లియర్‌ని తాకి చూస్తాం. దారంలా సాగితే ఇంకా ఆగాలి.

హార్డ్‌నర్‌లో ఫాస్ట్, మీడియం, స్లో అని రకాలుంటాయి. మన ఊళ్లో ఎండాకాలం స్లో వాడాలి, థిన్నర్ కూడా దానికి తగ్గట్టే. బండి తొందరగా ఇచ్చేయాలని 36 డిగ్రీల్లో ఫాస్ట్ కలిపేవాళ్లని చూశాను. ఆ రోజు అద్దంలా మెరుస్తుంది, తర్వాతే ఉంటుంది సంగతి.

కె.ఆర్.పురం

ఆ "తర్వాతే ఉంటుంది సంగతి" నాకు జరిగింది. నేను బెంగళూరు. పోయిన డిసెంబర్లో ఇక్కడ ఒక వర్క్‌షాప్‌లో, పేరు వద్దులెండి, కుడి తలుపు చేయించాను. బూత్ ఉంది, బేకింగ్ చేశామన్నారు, బిల్లులో కూడా రాశారు. తెచ్చిన రోజు మెరుపు బ్రహ్మాండం. కొన్ని వారాలకి మెరుపు దిగిపోయింది. రాత్రి పెట్రోల్ బంకులో దీపాల కింద ఏటవాలుగా చూస్తే తలుపు మధ్యలో పుట్టీ పెట్టిన చోటు అంచు ఓ ద్వీపంలా కనిపిస్తోంది, దాని లోపల వాటర్ పేపర్ గీతలు. వెళ్లి అడిగితే "మీరు షాంపూ పెట్టి కడిగి ఉంటారు" అన్నారు. షాంపూకి పుట్టీ బయటపడుతుందా?

షెడ్డు మేస్త్రి

పడదు. నేను మొదట్నుంచీ చెప్పేది ఇదే. బూత్ ఉన్నంత మాత్రాన బేకింగ్ జరిగినట్టు కాదు. చాలా బూత్‌ల బర్నర్ తాగేది డీజిల్. ఒక్క తలుపు కోసం అంతసేపు ఎవడు కాలుస్తాడు? 40కి పెట్టి, ఇరవై నిమిషాలకి ఆపేసి, బయటికి లాగేస్తారు. బిల్లులో మాత్రం బేకింగ్. మీ బెంగళూరు డిసెంబరు చలికి రాత్రి బయట పెడితే మిగతా పని నత్తనడకే.

అంబత్తూరు బూత్

అలా చేసేవాళ్లు లేరని నేననను. కానీ కె.ఆర్.పురం గారి కేసులో బేకింగ్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. పుట్టీ, ప్రైమర్ పూర్తిగా ఆరకముందే పైన రంగు కొట్టినా ఇదే కథ. కింద పొరలు తర్వాత ఆరి కుంచించుకుపోతాయి, పై పొర వాటితో పాటు దిగుతుంది. మందంగా, గ్యాప్ ఇవ్వకుండా కొట్టినా అంతే. క్లియర్ ఆరాక ఉండేది 50, 60 మైక్రాన్లు, వెంట్రుక మందం కంటే తక్కువ. కాబట్టి కాంపౌండ్ పట్టి గీతలు తీసేస్తామంటే ముందు మందం కొలిచే గేజ్ పెట్టించండి. ద్వీపం అంచు మాత్రం కాంపౌండ్‌కి లొంగదు, మళ్లీ కొట్టాల్సిందే.

డీజిల్ సంగతికి మందు ఒకటే. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, తుపాకీలా ఉంటుంది, దాన్ని తలుపు కింద అంచుకి గురిపెట్టి చూడమనండి. కంట్రోల్ ప్యానెల్ మీద అంకె చూపిస్తే ఒప్పుకోవద్దు.

కెమిస్ట్రీ మేడం

వేళచ్చేరి గారు వానల ముందు అన్నారు కాబట్టి తేమ గురించి కూడా. ఐసోసయనేట్ రెసిన్‌తోనే కాదు, నీటితో కూడా కలుస్తుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, అది పొరలో బుడగలు చేస్తుంది. పైగా థిన్నర్ ఎగిరేటప్పుడు ప్యానెల్ చల్లబడుతుంది. సముద్రపు గాలి తిరిగాక ఈ ఊళ్లో గాలి నిండా తేమే. చల్లబడిన లోహం మీద కంటికి కనిపించని తడి చేరి, మెరుపు పాలిపోతుంది. ప్యానెల్ వేడి మంచు బిందువు (గాలిలో తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పెయింట్ పనిలో ఉన్న నియమమే. మే నెలలో మేస్త్రి గారి వాదనకి నేను ఓటేస్తాను. అక్టోబర్లో వెయ్యను.

షెడ్డు మేస్త్రి

మేడం, వాన రోజు నేనే కొట్టను. ఆ నెలలో షెడ్డులో టింకరింగ్ (సొట్టలు తీసే) పనే ఎక్కువ.

సిరామిక్ భక్తుడు

పెయింట్ అయిన వెంటనే సిరామిక్ కోటింగ్ వేయించేయండి, ఏ రెట్టా ఏమీ చేయదు.

అంబత్తూరు బూత్

తమ్ముడూ, కంగారుపడి ఆ పని మాత్రం చేయించొద్దు. గాలికి ఆరిన క్లియర్ నుంచి మిగిలిన ద్రావకం ఇంకా బయటికి వస్తూ ఉంటుంది. దాని మీద సిరామిక్ వేయడమంటే మూత పెట్టడమే. సరిగ్గా బేక్ చేసినదైతే చల్లారాక పాలిష్ పట్టొచ్చని చాలా డేటా షీట్లలోనే ఉంటుంది. సిరామిక్‌కి, పీపీఎఫ్‌కి (పెయింట్ మీద అంటించే రక్షణ ఫిల్మ్) మాత్రం మా దగ్గర అందరికీ నెల ఆగమనే చెప్తాం. ఆగితే పోయేదేమీ లేదు.

కెమిస్ట్రీ మేడం

అందరూ బండి ఆరోగ్యమే చూస్తున్నారు. 2కె క్లియర్ కొట్టేవాళ్లు ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని కొట్టడం నేను రోజూ చూస్తాను. ఐసోసయనేట్ ఆవిరి, తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొంచెం పీల్చినా దగ్గు, ఆయాసం. దానికి వాసన హెచ్చరికగా పనికిరాదు, వాసన తెలిసేసరికే మోతాదు దాటి ఉంటుంది. బయటి నుంచి గాలి అందించే మాస్క్ ఉండాలి. ఎక్కడ చేయించినా కొట్టేవాడి ముఖం మీద ఏముందో చూడండి. తన ఊపిరి గురించి పట్టించుకోనివ్వని చోట మీ తలుపు గురించి పట్టించుకుంటారని నేననుకోను.

షెడ్డు మేస్త్రి

ఈ మాటకి ఎదురు చెప్పను. మా కుర్రాళ్లకి కార్ట్రిడ్జ్ మాస్క్ ఇచ్చాను, ఉక్కపోతకి తీసి పక్కన పెడుతున్నారు. గాలి అందించే సెట్ ధర కనుక్కుంటున్నాను.

వేళచ్చేరి వాసి

అందరికీ థ్యాంక్స్. ఇవాళ మళ్లీ రెండు చోట్లకీ వెళ్లాను. షెడ్డు ఆయన హార్డ్‌నర్ డబ్బా తీసి చూపించాడు, స్లో అనే ఉంది. కోట్ అయ్యాక గంటసేపు నీడలోనే ఉంచుతానన్నాడు. కానీ రాత్రి బండి ఎక్కడ పెడతావంటే బయట చెట్టు కింద చూపించాడు. బూత్ వాళ్లు లోహం వేడి చూపించమంటే మొదట నవ్వారు, తర్వాత సూపర్‌వైజర్ వచ్చి సరే, ఆ టైమ్‌కి రండి, మీ ముందే కొలుస్తాం అన్నాడు. నాకు టెన్షన్ తగ్గింది. ఈ నెలలో కాబట్టి బూత్‌కే ఇస్తున్నాను, ధర కొంత తగ్గించారు కూడా.

షెడ్డు మేస్త్రి

ఇవ్వండి సార్, నాకేం కోపం లేదు. చెట్టు కింద అన్నాడంటే నేనైనా ఇవ్వను. రాత్రి మంచు ఒకటి, కాకులు ఒకటి. తెచ్చుకున్నాక వారం పది రోజులు బండికి కవర్ కప్పొద్దు. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేయొద్దు, ఉప్పు మచ్చలు పడితే కొత్త క్లియర్ మీద అంత తేలిగ్గా పోవు. రెట్ట పడితే గోకకుండా తడిగుడ్డ వేసి నానబెట్టి తీయండి. డెలివరీ మాత్రం వాళ్ల ట్యూబ్‌లైట్ కింద తీసుకోకండి, బండి బయటికి తెప్పించి ఎండలో తలుపు కింద అంచు దాకా వంగి చూడండి.

కె.ఆర్.పురం

ఇంతకీ ప్యానెల్‌కి ఎంతకి ఒప్పుకున్నారు సార్? నా తలుపు మళ్లీ కొట్టించాలి, చెన్నైకే తెచ్చేస్తాను.