రొట్టె పిండి గిన్నె అద్దాల పెట్టెలో ఉండాలా, ప్యూబ్లో ఇంటికి చేరాలా?

కుండలపిచ్చి: న్యూమెక్సికోలో ఒక మ్యూజియంలో కీవా (శాంటో డొమింగో) ప్యూబ్లో వాళ్ల పాత గిన్నె చూశాను. ప్యూబ్లో అంటే అక్కడి ఆదివాసుల ఊరు. రొట్టె పిండి కలిపేది. చంటిపిల్లాణ్ణి కూర్చోబెట్టి నీళ్లు పోసేంత వెడల్పు. బయట నల్లగీతల ముగ్గు, లోపల పూత అరిగి మట్టి తేలింది. అంతగా పిసికారన్నమాట. ఒకచోట బీట పడితే అటూ ఇటూ బెజ్జాలు పెట్టి తోలుతాడుతో బిగించారు. అది చూశాక కాళ్లు కదల్లేదు. ఇలాంటివి ఆ ఊళ్లకే ఇచ్చేయాలంటాను.

పాతసామాను: నేనొప్పుకోనండీ. ఇవి గుళ్లోంచి ఎత్తుకెళ్లిన విగ్రహాలు కావు, వెల ఇచ్చి కొన్న వంటసామాను. తెగలకి తిరిగివ్వడం మీద 1990లో అమెరికా చేసిన చట్టం అస్థికలు, సమాధి వస్తువులు, పూజా వస్తువులు, తెగ ఉమ్మడి సొత్తు గురించే చెప్తుంది. పైగా గోధుమలూ, గుమ్మటంలాంటి ఆ మట్టి పొయ్యీ స్పెయిన్ వాళ్లు తెచ్చినవే కదా.

మట్టివాసన (అల్బుకర్కీ): మిరపకాయ పోర్చుగీసు వాళ్లు తెచ్చారని ఆవకాయ మనది కాకుండా పోయిందా? ఆగస్టు 4న కీవాలో ఊరి పండగ. ఆ పొయ్యిలో కట్టెలు మండించి, నిప్పులు బయటికి లాగేసి, వేడెక్కిన గోడల మధ్య రొట్టెలు పెట్టి మూత వేస్తారు. గిన్నె సంగతికొస్తే, కుమ్మరి సారె లేదు. మట్టి చుట్టలు ఒకదానిమీదొకటి పేర్చి, గులకరాయితో నునుపుచేసి, యుక్కా అనే ఎడారి మొక్క ఆకు కుంచెతో రంగేసి, బహిరంగంగా కాలుస్తారు.

ఇక "కొన్నారు" అన్నమాట. 1879లో వాషింగ్టన్‌లోని మ్యూజియం సంస్థ స్మిత్సోనియన్ తరఫున జేమ్స్ స్టీవెన్సన్ బృందం జూని అనే ప్యూబ్లోకి వెళ్లింది. కొన్నేళ్లలోనే ప్యూబ్లో ఊళ్ల నుంచి వేలకొద్దీ కుండలు వాషింగ్టన్ చేరాయి. 1880లో రైలొచ్చింది, దాని వెనకే రేకు గిన్నెలూ, టూరిస్టులూ. అమ్మినవాళ్లు ఇష్టంగానే అమ్మి ఉండొచ్చు, కానీ ఆ ముగ్గులు చూసి నేర్చుకోవాల్సిన మనవరాళ్లకి ఇంట్లో ఏం మిగిలింది? చట్టంలో లేకపోతే మ్యూజియాలు తమంతట తామే ఇవ్వచ్చు, కనీసం అప్పుగానైనా. 2022లో శాంటాఫేలో మొదలైన 'గ్రౌండెడ్ ఇన్ క్లే' ప్రదర్శనలో కుండల్ని ఎంచిందీ, వాటి గురించి రాసిందీ ప్యూబ్లో వాళ్లే. అక్కడినుంచైనా మొదలుపెట్టాలి.

పాతసామాను: వాళ్లే ఎంచడం బాగుంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఇంటికిస్తే మళ్లీ పిండి కలుపుతారు. పగిలితే?

మట్టివాసన: పగలనివ్వండి. ఆకోమా, జూని ప్యూబ్లోల వాళ్లు పాత కుండపెంకులు నూరి కొత్త మట్టిలో కలుపుతారు.